పొగలేని పొగాకు

తెలుగువారు ఈ ఆకుకు పెట్టుకొన్న పేరు పొగాకు. పొగ తాగుటకు పనికివచ్చే ఆకు అని దాని అర్థం. ఆ మాట వినగానే చుట్టయో, బీడీయో, సిగరెట్టో కండ్లకు కట్టుతుంది. బడి గోడ మీద, బస్సులో, ఆసుపత్రి వరండాలో వ్రాసి ఉండే హెచ్చరిక "పొగ తాగరాదు" అనునదే. చలనచిత్రంలో పాత్ర సిగరెట్టు ముట్టించినప్పుడు తెర అడుగున హెచ్చరిక కనబడుతుంది. ఇన్ని చోట్లను దోషిగా నిలబడేది పొగయే. ఇవన్నీ చూస్తూ పెరిగే పిల్లల మనస్సులో ఒక అభిప్రాయం తనంతట తానే ఏర్పడుతుంది: పొగ లేనిచోట ముప్పు కూడ లేదని.

లెక్కలు మరొక విధంగా చెప్పుతున్నవి. భారత ప్రభుత్వం 2016-17లో జరిపించిన వయోజనుల పొగాకు సర్వే ప్రకారం దేశంలో పదిహేనేండ్లు దాటినవారిలో పొగ తాగేవారు నూటికి 10.7 మంది. పొగాకును నమలటమో, చిగుళ్ళకు రాయటమో, ముక్కున పీల్చటమో చేసేవారు నూటికి 21.4 మంది. అనగా పొగ తాగేవారికి రెట్టింపు. వీరి సంఖ్య సుమారు 20 కోట్లు. తెలంగాణలో ఈ వాడుక దేశపు సగటు కంటె తక్కువే. ఐనను హెచ్చరికలన్నీ పొగ చుట్టు తిరుగుతూ ఉంటే, పొగలేని పొగాకు బడిపిల్లల సంచిలోనికి, కార్మికుల జేబులోనికి చడిచప్పుడు లేకుండ చేరగలుగుతున్నది. ఆధునిక సమాజంలో దీని స్థానమేమి? దీనికి అనుకూలంగా చెప్పే మాటలలో నిజమెంత? దీనిని అదుపు చేయుటకు పెట్టిన చట్టాలు ఎంతవరకు పనిచేసినవి? ఈ మూడు ప్రశ్నలను విడివిడిగా పరిశీలించవలసి ఉన్నది.

తాంబూలంలో చేరిన కొత్త ఆకు

పొగాకు నమలటం మన పెద్దల నాటి ఆచారమని, తాంబూలంతో పాటు వచ్చిన మర్యాద అని కొందరు సమర్థిస్తారు. చరిత్ర దీనిని ఒప్పుకొనదు. తాంబూలం పాతదే. 1443లో విజయనగరాన్ని దర్శించిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ తమలపాకును మెచ్చుకొంటూ వ్రాసినాడు. ఐతే ఆ కాలానికి కొలంబస్ ఇంకను అట్లాంటిక్ సముద్రం దాటలేదు. పొగాకు అమెరికా ఖండాల మొక్క. 1492కు పూర్వం ఆసియాలో దాని పేరైనను ఎవరికిని తెలియదు. పోర్చుగీసు ఓడలు దానిని దక్కను తీరాలకు తెచ్చినవి. 1604 ప్రాంతంలో అక్బరు రాయబారి అసద్ బేగ్ దానిని బిజాపూరులో చూచి, వింత వస్తువుగా ఆగ్రాకు తీసికొనిపోయినాడు. అక్బరు రుచి చూచినాడు. ఆస్థాన వైద్యుడు తెలియని వస్తువును వాడరాదని అడ్డుచెప్పినాడు. 1617లో జహంగీరు పొగాకు వాడకాన్ని నిషేధిస్తూ ఉత్తర్వు చేసినాడు. ఆ ఉత్తర్వు నిలువలేదు.

దీనిని బట్టి శ్రీకృష్ణదేవరాయల కాలపు తాంబూలంలో పొగాకు లేదని స్పష్టం. ఆకు, వక్క, సున్నం అప్పటికే ఉన్నవి. కొత్తగా వచ్చిన పొగాకు ఆ మూడింటి సరసన చేరి, వాటికి ఉన్న గౌరవాన్ని అరువు తెచ్చుకొన్నది. పెండ్లిలో, పేరంటంలో ఇచ్చే తాంబూలంలో నేటికిని పొగాకు ఉండదు. అది వేరుగా, ఇంటి వెనుక, పొలం గట్టున, పని మధ్య విరామంలో వాడుకొనే వస్తువు. ఆచారమనే మాటకు అది అర్హమైనది కాదు.

గుండ్లపోచంపల్లి దారిలో

సికిందరాబాదు నుండి నిజామాబాదు పోయే రైలు మార్గంలో, బొల్లారం దాటిన తరువాత గుండ్లపోచంపల్లి వస్తుంది. పట్టుచీరెలకు, భూదానోద్యమానికి పేరుపొందిన పోచంపల్లి వేరు. ఇది మేడ్చల్ పక్కన ఉన్నది. ఒకప్పుడు ద్రాక్షతోటలకు పేరుబడిన ఈ ప్రాంతం ఒక తరంలోనే రూపు మార్చుకొన్నది. దుస్తుల ఎగుమతికై ఏర్పడిన పార్కు, గోదాములు, ఇంజనీరింగు కళాశాలలు, ఎత్తయిన ఇండ్లు వచ్చినవి. 2018లో గుండ్లపోచంపల్లి పురపాలక సంఘమైనది. కుట్టుపని, కట్టుబడిపని, లారీ నడుపుట, రాత్రికాపలా వంటి పనులకు చుట్టుపక్కల పల్లెల నుండియు, దూర రాష్ట్రాల నుండియు జనం వచ్చి చేరినారు.

పొగాకు నమిలే అలవాటు ఆధునిక సమాజంలో ఎట్లు మారినదో తెలిసికొనుటకు ఇటువంటి చోటు మంచి ఉదాహరణ. వెనుకటి తరంలో తంబాకు వాడే ముసలమ్మకు రొంటిన ఒక గుడ్డసంచి ఉండేది. అందులో ఎండిన ఆకుముక్క, సున్నపుడబ్బీ, నాలుగు వక్కపలుకులు. ఆమె ఆకు చించి, ఈనె తీసి, సున్నం రాసి, మడిచి నోట పెట్టుకొనేది. దానికి తీరిక కావలెను, చేతులు ఖాళీగా ఉండవలెను. గత నాలుగు దశాబ్దాలలో ఆ సంచి స్థానంలోనికి చిన్న పొట్లం వచ్చినది. వక్క, పొగాకు, సున్నం, కాచు, సుగంధ ద్రవ్యాలు ముందే కలిపి, ఎండబెట్టి, ఒక్కసారికి సరిపడునట్లు కట్టిన పొట్లం. పాన్‌డబ్బా ముందు తోరణం వలె వేలాడే దండ నుండి ఒకటి చింపుకొని, నోట్లో ఒంపుకొని, పనిలోనికి పోవచ్చును.

ఇది యంత్రయుగానికి అతికినట్లు సరిపోయిన వస్తువు. బట్టల కర్మాగారంలో అగ్గిపుల్ల గీయుటకు వీలులేదు. నూలుదుమ్ము అంటుకొనే ప్రమాదమున్నది. కుట్టుమిషను మీద రెండు చేతులకును పని ఉన్నది. లారీ నడిపేవాడు నిద్ర ఆపుకొనవలెను. తాపీపని చేసేవాడు మధ్యాహ్నం వరకు ఆకలి ఆపుకొనవలెను. పొగ కనబడదు, వాసనను ఏలకుల పరిమళం కప్పివేస్తుంది, మేస్త్రీ పసిగట్టడు. కాబట్టి దీని వ్యాప్తికి కారణం కేవలం అజ్ఞానం కాదు. దీర్ఘమైన పనిగంటలు, తక్కువ విశ్రాంతి కూడ ఇందులో ఉన్నవి. అలవాటు పడినవానిని మాత్రమే నిందించే విమర్శ సగం విమర్శయే.

సున్నం చేసే పని

పొగాకుకు సున్నం ఎందుకు కలుపుతారు? రుచికని చాలమంది అనుకొంటారు. దీనికి సమాధానం రసాయనశాస్త్రంలో ఉన్నది. తొమ్మిదవ, పదవ తరగతుల విద్యార్థులు దీనిని సులభంగా గ్రహించవచ్చును.

పొగాకులోని ముఖ్యమైన క్షారాభం నికోటిన్. 1828లో జర్మనీలోని హైడల్‌బర్గ్‌లో పోసెల్ట్, రైమాన్ అనే ఇద్దరు దీనిని వేరుచేసినారు. నికోటిన్ బలహీనమైన క్షారం. ఆకులో ఉన్నప్పుడు అది ఆమ్లాలతో కలిసి లవణ రూపంలో ఉంటుంది. లవణ రూపంలోని నికోటిన్ విద్యుదావేశం కలిగినది. బుగ్గ లోపలి శ్లేష్మపొర దానిని సులభంగా లోనికి రానీయదు. సున్నం తగలగానే ఆమ్లం తటస్థమై, నికోటిన్ ఆవేశం లేని స్వేచ్ఛా క్షారంగా మారుతుంది. స్వేచ్ఛా రూపం కొవ్వులో కరుగుతుంది కాబట్టి శ్లేష్మపొరను చొచ్చుకొని రక్తంలోనికి పోగలదు.

ఎంత తేడా వస్తుందో లెక్క వేయవచ్చును. పి.హెచ్. విలువ 6 ఉన్నప్పుడు నికోటిన్‌లో స్వేచ్ఛా రూపం సుమారు నూటికి 1 వంతు. విలువ 7 ఐతే 9 వంతులు. 8 ఐతే 50 వంతులు. 9 ఐతే 90 వంతులకు పైగా. అనగా అరచేతిలో సున్నం వేసి బొటనవ్రేలితో నలిపే నలుపుడు, ప్రయోగశాలలో రసాయనికుడు చేసే పనికి తీసిపోదు. రసాయనశాస్త్రం పుట్టకముందే వాడుకదార్లు అనుభవం వల్ల దీనిని కనుగొన్నారు. పెద్ద కంపెనీలు ఆ అనుభవాన్ని యంత్రాలకు అప్పగించి, క్షారగుణాన్ని తూచి పొట్లంలో కట్టుతున్నవి.

సున్నపు క్షారగుణం చూపుటకు బడిలో ఖర్చు లేని ప్రయోగమున్నది. తడిపిన పసుపులో చిటికెడు సున్నం కలిపితే అది ఎర్రబడి పారాణి అవుతుంది. ప్రతి ఇంటిలోను తెలిసిన సంగతియే. ఆ ఎరుపు క్షారం ఉన్నదని తెలిపే గుర్తు. అదే క్షారం బుగ్గలోపలి మెత్తని పొర మీద గంటల తరబడి ఆనుకొని ఉంటే ఆ పొర ఒరిసిపోతుంది. ఒరిసిన చోట తక్కిన విషపదార్థాలు మరింత తేలికగా దిగుతవి.

నమిలే పొగాకు నుండి నికోటిన్ రక్తంలోనికి సిగరెట్టు కంటె నెమ్మదిగా చేరుతుంది. కాని నెమ్మదిగా చేరినది నెమ్మదిగానే దిగుతుంది. చాలసేపు నిలిచి ఉంటుంది. పొగలేనిది తేలిక రకమనే మాట ఇక్కడనే వీగిపోతున్నది.

పొగాకు తరఫు వాదాలు

విమర్శ న్యాయంగా ఉండవలెనంటే ఎదుటిపక్షం చెప్పేది కూడ వినవలెను. నమిలేవారు ముఖ్యంగా నాలుగు మాటలు చెప్పుతారు.

మొదటిది పంటినొప్పికి మందు అని. నికోటిన్, సున్నం కలిసి చిగురును కొంతసేపు మొద్దుబార్చుట నిజమే. నొప్పి తెలియకపోవుట వేరు, వ్యాధి తగ్గుట వేరు. పుచ్చిన పన్ను లోలోపల పుచ్చుతూనే ఉంటుంది. పైగా పొగాకు ఆనుకొన్నచోట చిగురు పంటిని విడిచి జారిపోతుంది. ఈ నమ్మకాన్ని అడ్డుపెట్టుకొని పూర్వం పొగాకు కలిపిన పండ్లపొడులు అమ్మేవారు. 1992లో కేంద్ర ప్రభుత్వం పండ్లపొడిలోను, పేస్టులోను పొగాకు కలుపరాదని నిషేధించినది.

రెండవది ఆకలి ఆపుతుందని. ఇదియు నిజమే; నికోటిన్ ఆకలిని అణచుతుంది. కాని ఆకలి శరీరం వేసే కేక. కేక వినబడకుండ చేసినంత మాత్రాన శరీరానికి కావలసిన ఆహారం సమకూరదు. కష్టపడి పనిచేసే మనిషికి, ముఖ్యంగా గర్భిణికి, ఇది రెండింతల నష్టం. గర్భవతులు పొగాకు నమిలితే పుట్టే బిడ్డ తక్కువ బరువుతో పుట్టుట, మృతశిశువు పుట్టుట వంటి ప్రమాదాలు పెరుగుతున్నట్లు పరిశోధనలు తేల్చినవి.

మూడవది పొద్దున విరేచనం సాఫీగా అవుతుందని. నికోటిన్ పేగుల కదలికను ప్రేరేపిస్తుంది. అందుకే ఈ నమ్మకం గట్టిపడినది. ఐతే కొన్నాళ్ళకు అది లేనిదే పేగు కదలనంతగా అలవాటు పడుతుంది. ఆకుకూరలు, నీరు, నడక చేసే పనిని ఒక విషానికి అప్పగించుటలో తెలివి లేదు.

నాలుగవది చురుకుదనం, మనశ్శాంతి. ఇది చాల బలమైన వాదం. అన్నిటికంటె మోసకరమైనది కూడ. నికోటిన్ మెదడులోని కొన్ని గ్రాహకాలను తాకి, డోపమిన్ అనే ద్రవ్యాన్ని విడుదల చేయిస్తుంది. హాయి కలుగుతుంది. నాళ్ళు గడిచినకొద్ది మెదడు ఆ తాకిడికి అలవాటుపడి, అది అందనప్పుడు చికాకు, కోపం, తలనొప్పి, ఏకాగ్రత లేకపోవుట కలుగుతవి. మళ్ళీ చిటికెడు వేసికొంటే అవి తగ్గుతవి. మందు ఇచ్చిన శాంతి అని వాడుకదారు అనుకొనేది, ఆ మందే పుట్టించిన అశాంతి తాత్కాలికంగా తొలగుట మాత్రమే. అప్పు తెచ్చి వడ్డీ కట్టినట్లు. కట్టిన ప్రతిసారి బరువు దిగినట్లుంటుంది గాని అసలు తీరదు.

కాన్సరు సాక్ష్యం

పొగాకు నమలటానికి, నోటి కాన్సరుకు సంబంధమున్నదని వైద్యులు ఊహించి ఊరుకొనలేదు. తరతరాలుగా సాక్ష్యం కూడబెట్టినారు. 1933లో తిరువాన్కూరు ప్రాంతంలో పనిచేసిన ఓర్ అనే వైద్యుడు, తాంబూలంలో పొగాకు వాడేవారికి నోటి కాన్సరు వచ్చుటను గూర్చి లాన్సెట్ పత్రికలో వ్రాసినాడు. 1945లో బొంబాయి టాటా ఆసుపత్రికి చెందిన వి. ఆర్. ఖానోల్కర్, ఆయా ప్రాంతాల అలవాట్లను బట్టి కాన్సరు వచ్చే చోటు మారుతున్నదని చూపినాడు. ఖైనీని క్రింది పెదవి వెనుక దాచేవారికి ఆ పెదవి వద్దనే పుండు పుట్టుతున్నది. ముద్ద ఎక్కడ నిలిస్తే వ్యాధి అక్కడ వస్తున్నదంటే అంతకంటె సూటిగా వేలెత్తి చూపే సాక్ష్యం వేరే లేదు.

తరువాతి పెద్ద అడుగులో తెలుగుదేశానికి కూడ పాలున్నది. ఎఫ్. ఎస్. మెహతా, డెన్మార్కుకు చెందిన జె. జె. పిండ్‌బోర్గ్, వారి సహచరులు అయిదు జిల్లాలలో ఇంటింటికి తిరిగి 50,915 మంది గ్రామస్థుల నోళ్ళు పరీక్షించి, 1969లో ఫలితాలు ప్రకటించినారు. ఆ జిల్లాలలో శ్రీకాకుళం ఒకటి. అక్కడ చుట్టను నిప్పువైపు నోటిలో పెట్టుకొని కాల్చే అడ్డపొగ అలవాటు, ముఖ్యంగా స్త్రీలలో, ఉండేది. దాని వల్ల అంగుట్లో మచ్చలు, కాన్సరు కనబడినవి. తక్కిన జిల్లాలలో అలవాటును బట్టి వ్యాధి వచ్చే చోటు మారినది. ఏ అలవాటు లేనివారిలో ఈ వ్యాధులు చాల అరుదు.

కాన్సరు ఎట్లు పుట్టుతున్నది? ఆకును కోసి, ఆరబెట్టి, మాగబెట్టి, నిలువచేసే కాలంలో నికోటిన్, దాని సంబంధులు నైట్రైట్లతో కలిసి నైట్రోసమైనులు అనే ద్రవ్యాలు తయారవుతవి. ఎన్.ఎన్.ఎన్., ఎన్.ఎన్.కె. అనునవి వాటిలో ముఖ్యమైనవి. ఇవి కణంలోని డి.ఎన్.ఎ.కు అతుక్కొని, దాని వ్రాతను చెరుపుతవి. చెరిగిన వ్రాత సరిదిద్దబడక నిలిచిపోతే, కణం అదుపు తప్పి పెరుగుట మొదలుపెట్టుతుంది. వీటికి నిప్పుతో గాని, పొగతో గాని పనిలేదన్నది గమనించవలసిన సంగతి. ఆకు మండకుండగనే అవి అందులో ఉన్నవి.

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ 1985లోనే పొగలేని పొగాకు మనుషులలో కాన్సరు కలిగించునని నిర్ణయించినది. తరువాతి సమీక్షలలో నోటితో పాటు అన్నవాహిక, క్లోమం కూడ ఆ జాబితాలో చేరినవి. ఆ సంస్థ అంచనా ప్రకారం 2022లో భారతదేశంలో కొత్తగా పెదవి, నోటి కాన్సరు వచ్చినవారు సుమారు 1,43,000 మంది. ప్రపంచమంతటి కేసులలో ఇది మూడవ వంతుకు మించినది. 2024లో ప్రకటించిన మరొక లెక్క ప్రకారం, 2022లో భారతదేశంలో సుమారు 83,000 నోటి కాన్సర్లకు పొగలేని పొగాకు, వక్క కారణం. ఈ రెండును లేకుంటే అంతమందికి ఆ వ్యాధి వచ్చి ఉండేది కాదు. హైదరాబాదులో 1955 నుండి పనిచేస్తున్న మెహదీ నవాజ్ జంగ్ కాన్సరు ఆసుపత్రి వంటి చోట్లకు చేరేవారి వెనుక ఉన్న కథ ఇదే. దవడలో కొంత భాగం తీసివేసిన తరువాత మనిషి బ్రతికినను, నమలటం, మింగటం, మాట్లాడటం మునుపటి వలె ఉండవు.

వక్క నిర్దోషి కాదు

ఇక్కడ మరొక భ్రమను కూడ తొలగించవలెను. "ఇది ఉత్త పాన్ మసాలా, ఇందులో పొగాకు లేదు" అని బాలురు తరచుగా అంటారు. 2004లో పైన చెప్పిన అంతర్జాతీయ సంస్థయే, పొగాకు లేని తాంబూలం, కేవలం వక్క కూడ కాన్సరు కారకాలేనని ప్రకటించినది.

వక్క మరొక విచిత్ర వ్యాధిని కూడ కలిగిస్తుంది. 1952లో ష్వార్ట్జ్ అనే వైద్యుడు ఆఫ్రికాలోని కెన్యాలో స్థిరపడిన భారతీయ స్త్రీలలో దీనిని వర్ణించినాడు. మరుసటి ఏడు బొంబాయిలో ఎస్. జి. జోషి దీనికి నేటి పేరు పెట్టినాడు. శ్లేష్మపొర అడుగున నార పెరుగుట అని దాని అర్థం. వక్కలోని ఆరెకోలిన్ అనే క్షారాభం, అందులోని రాగి కలిసి, బుగ్గలోపల కొల్లాజెన్ అనే నారపదార్థం అతిగా పేరుకొని బిగుసుకొనునట్లు చేస్తవి. మొదట కారం తింటే మంట. పచ్చడి మెతుకులు నోట పెట్టలేని స్థితి. తరువాత బుగ్గలు పాలిపోయి, గట్టిపడి, నోరు క్రమంగా మూసికొనిపోతుంది. కొందరికి అన్నంముద్ద పెట్టుకొనుటకు కూడ నోరు తెరుచుకొనదు. ఈ బిగువు వక్క మానినను వెనుకకు పోదు. మరింత ముదరకుండ ఆగవచ్చును. ఈ పరిస్థితి గలవారిలో కొందరికి కాన్సరు కూడ పుట్టుతుంది. పొట్లాల యుగంలో ఈ వ్యాధి కుర్రవారిలో అధికమైనదని వైద్యులు గమనించినారు.

చట్టం, దాని కంతలు

ప్రభుత్వాలు చేతులు ముడుచుకొని కూర్చున్నవని అనుటకు వీలులేదు. 2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టం పదునెనిమిదేండ్ల లోపు వారికి పొగాకు అమ్మరాదని, విద్యాసంస్థకు 100 గజాల లోపల ఏ పొగాకు వస్తువును అమ్మరాదని శాసించినది. నమిలే పొగాకు కూడ ఆ చట్టం క్రిందికి వస్తుంది. గుట్కాను శాశ్వతంగా నిషేధించుటకు రాష్ట్రాలు తొలుత చేసిన ప్రయత్నాలను 2004లో సుప్రీంకోర్టు కొట్టివేసినది. నాటి ఆహార కల్తీ చట్టం రాష్ట్ర అధికారులకు అటువంటి అధికారం ఇవ్వలేదన్నది కారణం. 2011లో కొత్త ఆహారభద్రత నిబంధనలు ఏ ఆహారపదార్థంలోను పొగాకును, నికోటిన్‌ను కలుపరాదని చెప్పినవి. వాటి ఆధారంగా 2012లో మధ్యప్రదేశ్, 2013 జనవరిలో ఆంధ్రప్రదేశ్ గుట్కాను నిషేధించినవి. తెలంగాణలోను ఆ నిషేధం కొనసాగినది. 2024 మే 24 నుండి ఏడాదిపాటు అమలయ్యేట్లు మళ్ళీ ఉత్తర్వు వెలువడినది.

ఏడాదిపాటు అనుటలోనే మొదటి కంత ఉన్నది. ఆహారభద్రతాధికారి ప్రజారోగ్యం దృష్ట్యా ఇచ్చే నిషేధపు ఉత్తర్వు ఒక సంవత్సరానికి మించరాదని 2006 నాటి చట్టం చెప్పుతున్నది. కాబట్టి ఏటేటా కొత్త ఉత్తర్వు రావలెను. ఇది సరికాదని 2022లో ఢిల్లీ హైకోర్టు న్యాయమూర్తి ఒకరు, సరియేనని 2023లో అదే కోర్టు ధర్మాసనం తీర్పులిచ్చినవి. శాశ్వతమైన ప్రమాదానికి తాత్కాలికమైన కట్టు కట్టినట్లున్నది.

రెండవ కంత వ్యాపారుల తెలివి. పొగాకు కలిపిన వక్కను నిషేధించగానే, వక్కమసాలా ఒక పొట్లంలోను, పొగాకు వేరొక పొట్లంలోను అమ్మకానికి వచ్చినవి. రెండును ఒకే దండలో వేలాడినవి. కొన్నవాడు అరచేతిలో కలుపుకొన్నాడు. చట్టం కలుపుటను నిషేధించినది. కలిపే పని కొనుగోలుదారు చేతికి మారినది. ఈ జంటపొట్లాల సంగతి 2016లో సుప్రీంకోర్టు దృష్టికి పోగా, నిషేధాన్ని గట్టిగా అమలు జరుపవలెనని కోర్టు ఆదేశించినది.

మూడవ కంత హెచ్చరికలో ఉన్నది. 2016 ఏప్రిల్ నుండి పొగాకు పొట్లం ముందువెనుకల నూటికి 85 వంతుల భాగం బొమ్మతో కూడిన హెచ్చరిక ఉండవలెను. ఈ నియమం మెచ్చదగినదే. కాని రెండువ్రేళ్ళ వెడల్పు పొట్లం మీద బొమ్మ ఎంత ఉంటుంది? చింపి, ఒంపుకొని, పారవేయుటకు పట్టేది రెండు మూడు క్షణాలు. సిగరెట్టుపెట్టె జేబులో రోజంతా ఉండి కనీసం పదిసార్లు కంటబడుతుంది; ఈ పొట్లం ఒక్కసారి కూడ పూర్తిగా కంటబడదు. పొగాకు లేని మసాలాకు ఆ బొమ్మ కూడ లేదు. దానిమీద ఉండేది ఆహారచట్టం కోరే హెచ్చరిక వాక్యం మాత్రమే. అదే పేరుతో ఏలకులనో, నోటి సువాసన గుళికలనో ప్రకటిస్తూ సినిమా తారలు తెరమీద నవ్వుతూ ఉంటే, ఆ వాక్యాన్ని చదివేవారెవరు?

నాలుగవది విధానంలోని వైరుధ్యం. రాజమండ్రిలో 1947లోనే కేంద్ర పొగాకు పరిశోధనా సంస్థ, గుంటూరులో 1976లో పొగాకు బోర్డు ఏర్పడినవి. పంటను పెంచుటకు ఒక చేయి, వాడకాన్ని తగ్గించుటకు మరొక చేయి. వేలాది రైతులు, కూలీలు ఈ పంటమీద బ్రతుకుతున్నారు గనుక ఒక్కరోజులో దానిని మాన్పించలేరన్నది నిజమే. మారుపంట చూపకుండ రైతును నిందించుట న్యాయం కాదు. మారుపంట వెదుకుట మరచుటయు న్యాయం కాదు.

బడి చేయగలిగినది

ఇన్ని కంతలు చూచి నిరాశ పడనక్కరలేదు. బోధన పనిచేస్తుందనుటకు సాక్ష్యం ఉన్నది. అది కూడ తెలుగు జిల్లా నుండియే. శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావనగర్ జిల్లాలలో 36,000 మందికి పైగా పొగాకు వాడేవారిని ఏటేటా కలిసి, నోరు పరీక్షించి, అలవాటు మానవలసిందిగా నచ్చజెప్పినారు. 1986లో ఆ ఫలితాలు వెలువడినవి. నచ్చజెప్పినచోట ఎక్కువమంది మానుకొన్నారు, లేదా తగ్గించుకొన్నారు. వారిలో కాన్సరుకు ముందు వచ్చే తెల్లమచ్చలు కూడ తగ్గినవి. ఆ పనికి ఖరీదైన యంత్రాలు కావలసి రాలేదు. మనిషి ఎదుట కూర్చొని మాట్లాడవలసి వచ్చినది.

ఐతే బడులలో జరిగే బోధన తరచుగా నినాదంతో ఆగిపోతున్నది. మే 31న ఒక ఊరేగింపు, ఒక వ్యాసరచన పోటీ, "పొగాకు ప్రాణాంతకం" అని ఇరవైసార్లు వ్రాయుట. కారణం చెప్పని నిషేధం కుర్రవానికి సవాలుగా తోచుతుంది. కారణం తెలిసిన నిషేధం అతనికి సొంత నిర్ణయమవుతుంది. ఉపాధ్యాయులు నినాదాన్ని తగ్గించి, ప్రయోగాన్ని పెంచవలెను.

అందుకు దారులు కలవు. ఆమ్లక్షారాల పాఠం చెప్పేనాడు పసుపు, సున్నం ప్రయోగం చేసి, అదే రోజున పొగాకులో సున్నం చేసే పనిని వివరించవచ్చును. జీవశాస్త్ర పాఠంలో నోరు తెరిచే పరీక్ష చేయించవచ్చును: చూపుడు, నడిమి, ఉంగరపు వ్రేళ్ళు మూడింటిని నిలువుగా పేర్చి పై, క్రింది ముందుపండ్ల మధ్య పెట్టుకోవలెను. ఆరోగ్యవంతునికి తన మూడు వ్రేళ్ళు తేలికగా పట్టుతవి. పట్టకపోయినను, బుగ్గలో తెల్లని లేక ఎర్రని మచ్చ కనబడినను, పుండు రెండు మూడు వారాలలో మానకపోయినను దంతవైద్యుని వద్దకు పోవలెను. తొలిదశలో కనుగొన్న నోటి కాన్సరు నయమయ్యే అవకాశం చాల ఎక్కువ. విద్యార్థులు ఈ పరీక్షను ఇంటికి తీసికొనిపోయి నాయనకు, నాయనమ్మకు చేస్తే, ఊరేగింపు చేయలేని పనిని అది చేస్తుంది.

గణితం తరగతికి కూడ ఇందులో పనియున్నది. 100 గజాలు అంటే సుమారు 91 మీటర్లు. బడి గేటు నుండి టేపుతో ఆ దూరాన్ని కొలిచి, పటం గీసి, అందులో ఏయే దుకాణాలు పడుతున్నవో గుర్తించుట మంచి అభ్యాసం. ఆ పటాన్ని ప్రధానోపాధ్యాయుడు స్థానిక అధికారులకు పంపవచ్చును. గుండ్లపోచంపల్లి వలె ఏటికేడు కొత్త వీధి, కొత్త బడి, కొత్త పాన్‌డబ్బా వెలిసే చోట్ల ఆ పటాన్ని ఏడాదికొకమారు తిరిగి గీయవలసి ఉంటుంది.

మానదలచినవారికి కూడ సహాయమున్నది. 1800-11-2356 అనే ఉచిత ఫోను ద్వారా సలహా పొందవచ్చును. మొదటి కొన్ని రోజుల చికాకు శరీరం కోలుకొనే గుర్తు అని ముందే తెలిసి ఉంటే ఓర్చుకొనుట సులభం. ఇంట్లో ఒక పెద్దాయన మానదలచినప్పుడు "ఇన్నేండ్లకు ఇప్పుడేమి ప్రయోజనం?" అని నిరుత్సాహపరచరాదు. ఏ వయస్సులో మానినను ప్రమాదం తగ్గుట మొదలవుతుంది. తెల్లమచ్చలు అనేకసార్లు వాటంతటవే మాయమవుతవి.

పొగాకు నమిలే మనిషిలో దోషం వెదుకుట తేలిక. అతనికి తీరిక లేని పని ఇచ్చి, చేతికందే ఎత్తులో పొట్లం వ్రేలాడదీసి, కనబడని హెచ్చరిక వ్రాసి, చివరకు ఆసుపత్రిలో అతని అజ్ఞానాన్ని నిందించే సమాజం కూడ ఈ విమర్శకు లోబడినదే. చట్టపు కంతలు పూడ్చుట ప్రభుత్వాల పని. ఈ ఆకు పేరులో దాగిన పొరపాటును దిద్దుట మాత్రం బడి పని. పొగ వచ్చినను రాకున్నను ఆకు అదే ఆకు, అందులోని విషం అదే విషం. ఈ ఒక్క వాక్యం కారణంతో సహా నేర్చుకొన్న విద్యార్థి, పాన్‌డబ్బా ముందు వేలాడే దండను చూచి ఆగినప్పుడు, తనకు తానే సమాధానం చెప్పుకోగలడు.